గొంతు వచ్చిందయ్యా, రావూ

నన్ను కంప్యూటరమ్మాయ్ అని పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

జగ్గయ్యపేట దగ్గర ఒక పత్తి జిన్నింగు మిల్లులో ఉద్యోగానికి చేరేనాటికి నేను నిజంగానే అమ్మాయిని. రిటైరయ్యేనాటికి మోకాళ్ళ నొప్పులు, చదవడానికో కళ్ళజోడు, నడవడానికో కళ్ళజోడు, తలంతా తెలుపు. అయినా మా మిల్లు యజమాని, మేమంతా పెద్దాయన అని పిలుచుకునే మనిషి, వరండాలోంచే కేకేసేవారు. "ఏమ్మా కంప్యూటరమ్మాయ్, బతికుందా నీ డబ్బా?" నా పేరు సుజాత అని ఆయనకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే. అప్పట్లో ఆ పిలుపు వింటే ఒళ్ళు మండేది. ఇప్పుడు దానికోసం చెవి కోసుకుంటున్నాను.

ఈమధ్య విజయవాడ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్ళు పిలిచి, వ్యాపారాలను సైబర్ దొంగల నుంచి కాపాడుకోవడం గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. వెళ్ళాను. ఫైర్‌వాల్ అన్నాను, బ్యాకప్ అన్నాను, పాస్‌వర్డ్ అన్నాను. పిల్లలు మర్యాదగానే విన్నారు, అంటే ఫోన్లు బల్ల కింద పెట్టుకుని చూసుకున్నారు. శాలువా కప్పారు. తిరిగి వస్తూ బస్సు కీసర టోల్‌గేటు దగ్గర ఆగినప్పుడు నామీద నాకే కోపం వచ్చింది. పుస్తకాల్లో దొరికేదే చెప్పి వచ్చాను. వాళ్ళకు చెప్పాల్సింది మా రావుగారి గురించి, పెద్దాయన గొంతు గురించి. అది మింగేసి శాలువా కప్పించుకుని వచ్చాను. అందుకే ఇప్పుడు కూర్చుని ఆ పిల్లల కోసమే రాస్తున్నాను.

పసుపు రాసిన సర్వర్

కంప్యూటర్లకు కాపలా కాసే ఉద్యోగమంటే చీకటి గది, నల్ల తెర, దాని మీద పరిగెత్తే పచ్చ అక్షరాలు అనుకుంటారు మీరు. నా ఉద్యోగమంతా దూది మధ్య గడిచింది. సీజన్ మొదలైతే మిల్లు గాలి నిండా పత్తి నూగే. కంప్యూటర్ మూత విప్పితే లోపల చిన్న దిండు తయారై ఉండేది. వైరస్ సంగతి తర్వాత, ముందు ఆ దిండు పీకడమే సరిపోయేది.

మిల్లుకు మొదటి సర్వర్ వచ్చిన రోజు పెద్దాయన దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టించారు. లారీ అయితే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టవచ్చు, దీనికి చక్రాలు లేవు కనుక కీబోర్డు కింద పెట్టారు. కొబ్బరికాయ సరిగ్గా సర్వర్ నెత్తి మీదే కొట్టబోతుంటే నేను అడ్డం పడ్డాను.

"గుమ్మం దగ్గర కొట్టండి బాబాయిగారూ. దీనికి నీళ్ళు తగలకూడదు."

"కొబ్బరినీళ్ళు కూడా పడని వస్తువు కొనిపించావా నాతో?" అని ఆయన గుమ్మం దాకా నవ్వుతూ వెళ్ళారు.

ఆ సర్వర్‌కూ, పత్తి తూచే కాటా దగ్గరి కంప్యూటర్‌కూ, నందిగామ ఆఫీసుకూ అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్ ఉండేది. పెనుగంచిప్రోలు అమ్మవారి పేరు. మిల్లు పెట్టేముందు అక్కడ మొక్కుకున్నారట. గేటు ముందు టీ కొట్టతనికి కూడా అది తెలుసు. నేను మార్చబోతే కాటా గుమస్తా మొహం మాడ్చుకున్నాడు.

"అమ్మవారి పేరు తీసేసి ఆ పిచ్చిగీతలు పెడతారా మేడం? మిల్లు నడవద్దా?"

"అమ్మవారి పేరు దొంగలక్కూడా తెలుసయ్యా," అన్నాను.

తగువు పెద్దాయన దగ్గరికి పోయింది. ఆయన కాసేపు మీసం దువ్వుకున్నారు. "అమ్మవారి ఫొటో పైన పెట్టండి. పాస్‌వర్డ్ అమ్మాయి చెప్పింది పెట్టండి. ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు," అన్నారు. ఆ తర్వాత వాళ్ళు రోజూ ఫొటోకు పూలు పెట్టేవాళ్ళు, నేను అప్పుడప్పుడూ పాస్‌వర్డ్ మార్చేదాన్ని. మళ్ళీ గొడవ రాలేదు.

కొత్తచోట అడుగుపెట్టగానే అక్కడివాళ్ళ అలవాట్లు చూసి వెక్కిరించబుద్ధవుతుంది. వద్దు. వెక్కిరించేవాళ్ళకు ఎవరూ నిజం చెప్పరు. ఒకసారి పెళ్ళి వీడియో చూసుకుందామని పెన్‌డ్రైవ్ తెచ్చి కాటా కంప్యూటర్‌లో గుచ్చాడు ఒక ప్రబుద్ధుడు. దాంట్లోంచి వచ్చిన పురుగు ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, డబ్బు పంపితే గాని తీయనని తెర మీద బెదిరింపు పెట్టింది. బయట పత్తి ట్రాక్టర్లు హైవే దాకా బారులు తీరి ఉన్నాయి. అతను దాచకుండా పరిగెత్తుకుంటూ వచ్చి నాతో చెప్పాడు కనుక మిగతా కంప్యూటర్లకు పాకకుండా దాని నెట్‌వర్క్ వైరు అప్పుడే పీకేశాను. దేనికీ తగిలించకుండా విడిగా బీరువాలో దాచిన బ్యాకప్ డిస్కుతో మర్నాటికల్లా కాటా నడిచింది. ఆ డిస్కు కొనమన్నప్పుడు పెద్దాయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను గాని, ఆ రోజు ఆయనే వెళ్ళి ఇంకొకటి కొనుక్కొచ్చారు.

పెట్టెయ్, మళ్ళీ చెయ్

నందిగామలో మాకు చిన్న ఆఫీసు ఉండేది. వీరులపాడు చుట్టుపక్కల రైతులు బేరం మాట్లాడుకునేదీ, వాళ్ళకు చెల్లింపులు జరిగేదీ అక్కడే. దాన్ని చూసుకునే మనిషి సాంబశివరావుగారు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు, మధ్యాహ్నానికి ఇంటి నుంచి క్యారియర్. పెళ్ళి కాకముందు పెద్దాయన దగ్గర చేరిన మనిషి, మనవలు పుట్టినా అక్కడే ఉన్నారు.

పెద్దాయన ఉండేది జగ్గయ్యపేటలో, రావుగారు నందిగామలో, మధ్యలో ఫోను. రాతకోతలు ఏమీ లేవు. "ఏవయ్యా రావూ" అని పెద్దాయన మొదలుపెడితే రావుగారు ఫోన్లోనే లేచి నిలబడేవారు. ఎవరికి ఎంత వేయాలో నోటితో చెప్పడం, ఈయన వేసేయడం. పెద్దాయనకు ఆ మాటే సంతకం. మన వైపు వ్యాపారాలు చాలావరకు ఇలాగే నడుస్తాయి, మాట మీద నడవడం గొప్పగా కూడా చెప్పుకుంటాం. నాకు మాత్రం అదంటే భయంగా ఉండేది.

నా భయం ఊరికే పోలేదు. మాకు మిషన్ల విడిభాగాలు పంపే కంపెనీ పేరుతో ఒక మెయిల్ వచ్చింది. మా బ్యాంకు ఖాతా మారింది, ఇకనుంచి ఇందులో వేయండి అని. అక్షరం తేడా లేకుండా వాళ్ళ మెయిల్ లాగే ఉంది. రావుగారు డబ్బు వేసేముందు మర్యాదగా ఆ కంపెనీకి ఫోన్ చేసి, "కొత్త బ్యాంకుకి మారారంటగా, శుభమండి," అన్నారు. వాళ్ళు ఏ బ్యాంకండీ అన్నారు. అలా గండం గడిచింది. ఆ మనిషి మర్యాద మా మిల్లును కాపాడింది, నా ఫైర్‌వాల్ కాదు.

అప్పుడే నేనొక రూలు పెట్టాను. డబ్బు మాట ఎవరు ఫోన్లో చెప్పినా సరే, ముందు పెట్టెయ్. నీ దగ్గరున్న పాత నంబరుకు నువ్వే మళ్ళీ చెయ్. అప్పుడు విను. రావుగారు దాన్ని అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో రాసుకుని బల్ల అద్దం కింద పెట్టుకున్నారు.

ఒకరోజు పెద్దాయన గుంటూరులో ఉండగా ఆయన ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. ఎవరిదో ఫోన్ తీసుకుని నందిగామకు చేశారు. "ఏవయ్యా రావూ, ఆ తెనాలి పార్టీకి..." అనేలోపే రావుగారు, "నమస్కారమండి, పెట్టేస్తున్నానండి," అని టక్కున పెట్టేశారు. పెద్దాయన నంబరుకు తిరిగి చేస్తే స్విచాఫ్. పెద్దాయన మళ్ళీ చేశారు, ఈయన మళ్ళీ పెట్టేశారు. సాయంత్రం కారు తిన్నగా నందిగామ ఆఫీసు ముందు ఆగింది. నేను అక్కడే ప్రింటర్ విప్పుకుని కూర్చున్నాను.

"నా గొంతు నీకు తెలవదంటయ్యా? పాతికేళ్ళ నుంచి తిట్లు తింటన్నావ్ కదా!"

రావుగారు చేతులు కట్టుకుని, "తెలుసండి. కాని అమ్మాయిగారు ఎవరైనా సరే అన్నారండి," అన్నారు.

పెద్దాయన నా వైపు తిరిగారు. నేను ప్రింటర్‌లోకి తల దూర్చేశాను. కాసేపటికి పకపకా నవ్వు వినిపించింది. "సరిపోయారు ఇద్దరూ. నా ఆఫీసులో నా మాటే చెల్లదు," అంటూ మిరపకాయ బజ్జీలు తెప్పించారు. మీకు ఎలాంటి యజమాని దొరుకుతారో నాకు తెలియదు. రూలు తన మీద పడ్డప్పుడు నవ్వగలిగిన యజమాని దొరికితే జీతం కాస్త తక్కువైనా వదలకండి.

రావుగారు ఆ రూలును ఒకే ఒక్కసారి తప్పారు.

పొద్దుటి కబురు

రోజూ పొద్దున్నే పెద్దాయన రైతుల వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టేవారు. "అందరికీ నమస్కారం. ఇయ్యాల మన మిల్లు కాడ పత్తి ధర చెప్తన్నా, ఇనండి. తడిపత్తి తేమాకండి, తెచ్చి నాతో తిట్టించుకోమాకండి." చివర ఎప్పుడూ ఒక చురక ఉండేది. "ఏవయ్యా రావూ, ఆఫీసు తెరిచావా, ఇంకా పడకేనా?" నందిగామలో రావుగారు అప్పటికే తాళం తీసి ఊడ్పించి కూర్చుని ఉండేవారని అందరికీ తెలుసు. అయినా ఆ చురక కోసమే వినేవాళ్ళు. పెనుగంచిప్రోలు ఆటో ఎక్కితే ముందు సీట్లో ఒకరి ఫోన్లో, వెనక ఒకరి ఫోన్లో అదే గొంతు. కంచుగొంతు అంటారే, అది. పత్తి వేయనివాళ్ళు కూడా వినేవాళ్ళు.

ఎవరు పడితే వాళ్ళు గ్రూపులో చేరిపోతున్నారని నేను పోట్లాడేదాన్ని. "పత్తి ధర రహస్యమా అమ్మాయ్?" అనేవారు. నిజమే, రహస్యం కాదు. ధర దొంగిలించి ఎవరు ఏం చేసుకుంటారు? గొంతు కూడా దొంగిలిస్తారని అప్పటికి మా ఊళ్ళో ఎవరూ అనుకోలేదు.

పెద్దాయనకు చుట్ట అలవాటు. ఆ చుట్టే చివరికి ఆయన గొంతులో పుండైంది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ ముందు చిన్న రంధ్రం, దాంట్లోంచే ఊపిరి, దాని మీద ఒక తెల్లటి గుడ్డ. మాట పోయింది. ఆయన భార్య, నేను పిన్నిగారు అని పిలిచేదాన్ని, బడిపిల్లల పలకా బలపమూ కొనుక్కొచ్చి ఆయన చేతికిచ్చారు. సాధన చేస్తే కొంత మాట తిరిగి రావచ్చని డాక్టర్లు ఆశ పెట్టారు. అందుకోసం కొడుకు ప్రసాద్ ఆయన్ని విజయవాడ ఆసుపత్రికి శిక్షణకు తీసుకెళ్ళేవాడు.

మిషన్లు అంత మోత మోగుతున్నా మిల్లు మూగబోయినట్టే ఉండేది. వరండాలోంచి కేక లేదు. ఆయన నా గది గుమ్మంలో నిలబడి ఉంగరంతో తలుపు మీద టకటకా కొట్టేవారు. అదే నన్ను పిలవడం. నేను తలెత్తి, "బతికే ఉందండి డబ్బా," అనేదాన్ని. ఆయన నవ్వు మొహం పెట్టి వెళ్ళాక సర్వర్ గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చేదాన్ని.

పెద్దాయన కబురు రావడం లేదేమని రైతులు గ్రూపులో అడగడం మొదలుపెట్టారు. ప్రసాద్ ఉన్నదున్నట్టు రాశాడు. నాన్నగారికి గొంతు ఆపరేషన్ అయింది, మాట రావడానికి విజయవాడలో శిక్షణ ఇప్పిస్తున్నాం అని. దండాల బొమ్మలు వరదలా వచ్చాయి. కొందరు పాత వాయిస్ మెసేజ్‌లు వెతికి తీసి, ఈ గొంతు మళ్ళీ వినాలి అంటూ పెట్టారు. ఆ గ్రూపులో రైతు కానివాడు ఎవడో ఉన్నాడు. వాడు ఇవన్నీ ఓపిగ్గా ఏరుకున్నాడు.

ఆ ఫోన్

పత్తి ముమ్మరంగా వస్తున్న రోజులు. పెద్దాయనా ప్రసాదూ విజయవాడ వెళ్ళారు. నేను మిల్లులో ఉన్నాను. ధరల దగ్గర మాట తేడాలు వస్తున్నాయని నందిగామ ఆఫీసు ఫోన్లో మాటలన్నీ రికార్డయ్యేట్టు అంతకుముందే నేను పెట్టాను. అందుకే ఆ పూట ఏం జరిగిందో చెప్పగలుగుతున్నాను.

తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. రావుగారు ఎత్తారు.

"ఏవయ్యా రావూ."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినపడుతుంది. తర్వాత రావుగారి గొంతు. "అయ్యగారా?"

"గొంతు వచ్చిందయ్యా, రావూ. డాక్టరు గారి ఫోన్నుంచి చేస్తన్నా. మొట్టమొదట నీకే చేసా."

రావుగారు ఏడుస్తున్నారు. "అమ్మవారి దయండి. మాట్లాడండయ్యా, ఇంకాస్త మాట్లాడండి," అంటున్నారు. అవతలి గొంతు తొందరపడింది. ఎక్కువసేపు మాట్లాడకూడదన్నారట. ఒక ఖాతా నంబరు పంపుతాడట, పాత పార్టీదట, రైతుల కోసం ఉంచిన దాంట్లోంచి వేసేస్తే రేపు సర్దుకుందామట. రావుగారు ఎదురు ప్రశ్న వేయలేదు. వేసేశారు.

వేసిన వెంటనే ఆ మనిషి ఏం చేశారో తెలుసా? ఆనందం పట్టలేక జగ్గయ్యపేటలో పిన్నిగారికి ఫోన్ చేశారు.

"అమ్మా, అయ్యగారికి గొంతొచ్చిందమ్మా! ఇప్పుడే నాతో మాట్లాడారు!"

పిన్నిగారు దేవుడి దగ్గర దీపం పెట్టి, చెంగుతో కళ్ళు తుడుచుకుని కొడుక్కి ఫోన్ చేశారు. "ఏరా, నాన్నకి ఫోనివ్వరా. నాతో కూడా మాట్లాడమను."

"ఏం మాట్లాడతాడమ్మా?" అన్నాడు ప్రసాద్. "ఇక్కడే పలక పట్టుకుని కూర్చున్నాడు."

నాకు కబురు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. గ్రూపులో ఏరుకున్న మెసేజ్‌లతో ఎవడో ఆయన గొంతును కంప్యూటర్‌లో తయారుచేశాడని వెంటనే అర్థమైంది. రావుగారిని కుర్చీలోంచి లేపి పక్కనే ఉన్న బ్యాంకుకు పరిగెత్తించాను, ఇక్కడినుంచి సైబర్ పోలీసులకు ఫిర్యాదు చేశాను, బ్యాంకు మేనేజరును ఫోన్లో వదలకుండా పట్టుకున్నాను. ఇలాంటప్పుడు ముందు బ్యాంకుకూ పోలీసులకూ ఫోన్ చేయండి. ఏడుపులూ, ఎవరిది తప్పు అనే పంచాయితీలూ తర్వాత పెట్టుకోవచ్చు. డబ్బు ఇంకా చేతులు మారుతుండగానే చాలామటుకు ఆపగలిగారు. కొంత పోయింది. రైతుల చెల్లింపులు మాత్రం ఆగలేదు. రావుగారు సంతోషాన్ని కడుపులో దాచుకునే మనిషైతే ఆపగలిగిన ఆ డబ్బు కూడా దక్కేది కాదు.

సాయంత్రం నందిగామ వెళ్ళాను. క్యారియర్ విప్పకుండా అలాగే ఉంది. రావుగారు అద్దం కింద అట్టముక్క వైపు చూస్తూ కూర్చున్నారు.

"రూలు మర్చిపోలేదమ్మా," అన్నారు. "ఎదురుగానే ఉంది. చెయ్యి కూడా పోయింది పెట్టేద్దామని. కాని పెట్టేస్తే ఆ గొంతు మళ్ళీ వినపడదేమోనని భయమేసింది. ఎట్టా పెట్టెయ్యమంటారు చెప్పండి?"

దీనికి జవాబు ఏ కోర్సులోనూ నాకు నేర్పలేదు.

పలక మీద రాత

మర్నాడు పెద్దాయన ఇంటి హాల్లో కూర్చున్నాం. ప్రసాద్ మండిపడుతున్నాడు. చెడ్డవాడు కాదు, భయపడ్డాడు.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు అక్కా. ఇన్నేళ్ళు నాన్నకే ఫోన్ పెట్టేసిన మనిషి, సరిగ్గా డబ్బు నిండుగా ఉన్న రోజే రూలు తప్పాడా? గొంతు లేని మనిషి ఫోన్ చేసాడంటే చిన్నపిల్లాడైనా నమ్ముతాడా? చేతులు కలిపాడు. కంప్లయింటులో ఆయన పేరు రాయిస్తన్నా."

రావుగారు గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడి ఉన్నారు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ప్రతి మాటా ఆయనకు వినపడుతోంది. ఆ కాగితంలో పేరు పడితే ఆయన మళ్ళీ నందిగామ బజార్లో తలెత్తుకుని నడవలేరు. నాకు ప్రసాద్ మీద ఎంత కోపం వచ్చిందంటే, నోరు విప్పితే ఉద్యోగం పోయేలా మాట్లాడేదాన్ని.

"రాయించే ముందు ఒకసారి విను," అని మాత్రం అన్నాను. లాప్‌టాప్ తెరిచి రికార్డింగ్ పెట్టాను.

"ఏవయ్యా రావూ."

కుర్చీలో పెద్దాయన చేతిలో బలపం ఆగిపోయింది. ఇంకో చెయ్యి మెల్లగా మెడ మీది గుడ్డ దగ్గరికి వెళ్ళింది.

"గొంతు వచ్చిందయ్యా, రావూ."

వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. పిన్నిగారు చేతులకు పిండితో పరిగెత్తుకుంటూ వచ్చారు. "ఏవండీ! మాట్లాడారా? ఏవండీ, మళ్ళీ ఒకసారి అనండి!" ముందురోజే ఆమెకు అంతా చెప్పాం, దొంగ ఫోన్ అని తెలుసు. తెలిసీ వచ్చారు. నేను గబగబా ఆపేశాను. ఆమె పెద్దాయన నోటి వైపు చూశారు, బల్ల మీద లాప్‌టాప్ వైపు చూశారు. అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. పెద్దాయన కళ్ళలో నీళ్ళు నేను చూడడం అదే మొదలు.

బలపం కీచుమంటూ కదిలింది. పలక కొడుకు వైపు తిప్పారు. "మీ అమ్మ కూడా వచ్చింది చూడు. నేనైనా నమ్మేవాణ్ణి."

ప్రసాద్ తల దించుకున్నాడు. పెద్దాయన అరచేత్తో పలక తుడిచి మళ్ళీ రాశారు. "రావుని లోపలికి పిలు."

ప్రసాదే లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. "రండి బాబాయ్, లోపలికి రండి," అన్నాడు. రావుగారు వచ్చి ఎదుట నిలబడ్డారు, తల ఎత్తలేదు. పెద్దాయన ఉంగరంతో కుర్చీ చేతి మీద టకటకా కొట్టారు. రావుగారికి అది "ఏవయ్యా రావూ" అనే వినిపించి ఉంటుంది. పెద్దాయన చేతులు రెండూ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. కంప్లయింటులో ఆయన పేరు ఫిర్యాదు ఇచ్చినవారి చోట పడింది.

తర్వాత మేం పద్ధతులు మార్చాం. ఒకరు వేసిన డబ్బును ఇంకొకరు ఇంకో ఊళ్ళో కూర్చుని చూసి ఒప్పుకుంటే గాని కదలదు. తెలియనివాళ్ళను గ్రూపులోంచి తీసేశాం. ఇంట్లో జబ్బుల సంగతులు గ్రూపుల్లో రాయడం మానేశాం. మీరూ ఇవన్నీ చేయండి. కాని ఒకటి గుర్తుపెట్టుకోండి. పెట్టెయ్, మళ్ళీ చెయ్ అనే రూలు మంచిదే, అయితే దాన్ని పాటించాల్సిన మనిషి ఒంటరిగా ఒక గదిలో ఉన్నాడు, అవతల తను ప్రాణంగా చూసుకునే మనిషి గొంతు ఉంది. మోసపోయినవాణ్ణి తెలివితక్కువవాడు అనే ముందు, వాడు ఏం వినాలని ఎదురుచూస్తున్నాడో కనుక్కోండి.

ఆ ఒక్క ముక్క

పెద్దాయనకు మాట తిరిగి రాలేదు. కొన్నాళ్ళు ఉంగరం చప్పుడుతోనే మిల్లు నడిపి వెళ్ళిపోయారు. రావుగారు ఖమ్మంలో కూతురి దగ్గర ఉంటున్నారు, ఫోన్ చేస్తే ఇప్పటికీ పెట్టేసి, తిరిగి తనే చేస్తారు. ప్రసాద్ మిల్లు బాగానే నడుపుతున్నాడు. అటువైపు బస్సులో వెళ్తుంటే కిటికీలోంచి పత్తి వాసన వస్తుంది. దిగి లోపలికి వెళ్ళాలనిపిస్తుంది. ఎవరికోసం వెళ్ళాలి?

నేను రిటైరైన కొన్నాళ్ళకు పిన్నిగారు రమ్మని కబురు పెట్టారు. వెళ్ళాను. కాఫీ ఇచ్చి, పక్కన కూర్చుని, తన ఫోన్ నా చేతిలో పెట్టారు. పెద్దాయన పొద్దుటి కబుర్లన్నీ ప్రసాద్ అందులో పోగుచేసి పెట్టాడు.

"అన్నీ విన్నానే," అన్నారు. "అన్నిట్లో పత్తి ధరే. తడిపత్తి తేమాకండి, ఏవయ్యా రావూ, అంతే. ఆ దొంగ వెధవ ఫోన్ ఉంది చూడు, నాకు అది కావాలి."

"పిన్నిగారూ, అది బాబాయిగారి గొంతు కాదండి. మిషన్ తయారుచేసింది."

"తెలుసే. నాకు చెప్పొచ్చావ్." ఆమె చెంగు వేలికి చుట్టుకుంటూ కిటికీ వైపు చూశారు. "ఆపరేషనయ్యాక రోజూ పొద్దున్నే లేచి ఆయన నోటి వంకే చూసేదాన్ని. గొంతొచ్చిందని ఒక్కసారి అంటారేమోనని. ఎంత సాధన చేసారో నాకు తెలుసు, అనలేకపోయారు పాపం. దొంగ వెధవైతేనేం, ఆ ఒక్క ముక్క ఆయన చేత అనిపించాడు."

నకిలీది ఏది చేతికి వచ్చినా చెరిపెయ్యండి, ఎవరికీ పంపకండి అని జీవితమంతా చెప్పినదాన్ని. మీకూ అదే చెబుతున్నాను, అదే సరైనది. నేను మాత్రం లేచి మిల్లుకు వెళ్ళి, ప్రసాద్‌ని అడిగి, బీరువాలో డిస్కు తీయించాను. నా పాత కుర్చీలో కూర్చుని రికార్డింగ్ ముక్కలు కోశాను. ఖాతా నంబరు తీసేశాను. డబ్బు మాట తీసేశాను. రావుగారి ఏడుపు తీసేశాను. మిగిలిన ఒక్క ముక్కా పిన్నిగారి ఫోన్లో పెట్టి, ఎక్కడ నొక్కాలో చూపించాను.

ఆమె నొక్కి, ఫోన్ చెవికి ఆనించుకున్నారు. ముక్క అయిపోయింది. ఆమె ఫోన్ తీయలేదు.

"ఆఁ, వినపడతందండి," అన్నారు.

పెట్టెయ్యమని నేను చెప్పలేదు.